వత్తి తగ్గించరా నాన్నా

మా అమ్మకు ఎనభై ఏళ్ళు నిండాయి. నేను ఊరికి వెళ్ళినప్పుడు గదిలో లైటు అలాగే వదిలేసి వసారాలోకి వస్తే, ఇప్పటికీ "వత్తి తగ్గించరా నాన్నా" అంటుంది. లైటు ఆర్పమని అర్థం. మా పిల్లలకు ఆ మాట వింతగా ఉంటుంది. నాకు మాత్రం అది వినగానే కిరసనాయిలు వాసన వస్తుంది.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. 1973లో నేను నాలుగో తరగతి. ఊళ్ళోకి కరెంటు వచ్చింది గానీ మా ఇంటికి రాలేదు. ఇంట్లో ఉన్నవి ఒక హరికేన్ లాంతరు, రెండు బుడ్డి దీపాలు. లాంతరు చుట్టూ చెల్లెళ్ళిద్దరూ నేనూ కూర్చుని చదువుకునేవాళ్ళం. బుడ్డి దీపాల్లో ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి వంటింట్లో.

ఆ ఏడాది దసరా రోజుల్లో ఎక్కడో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది. అరబ్బు దేశాలు నూనె సరఫరా తగ్గించాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ముడి చమురు కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దాకా పోయింది. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకున్నది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. వంటింట్లో బుడ్డి దీపం ఆరిపోయింది. "పొయ్యి వెలుగు చాలు కదా" అని అమ్మ ఆ దీపంలో మిగిలిన నూనెను మా లాంతరులో పోసేసింది. ఆ తర్వాత చాలా నెలలు పొయ్యి మంట వెలుగులోనే వండింది. కూర అడుగంటిందో లేదో చూపుతో కాక వాసనతో తెలుసుకునేది.

కిరసనాయిలు కంట్రోలు డిపోలో ఇచ్చేవాళ్ళు. పొద్దున్నే వెళ్ళి డబ్బా వరసలో పెట్టి, దాని మీద ఒక రాయి పెట్టి వచ్చేవాణ్ణి. డిపో తలుపు తీసేసరికి యాభై అరవై డబ్బాలుండేవి. గరాటు పెట్టి కొలతతో పోస్తుంటే నురగ పైకి వచ్చేది. నురగ అణిగేదాకా ఆగమని అనడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. ఇంటికి తెచ్చాక అమ్మ ఆ నూనెను సీసాలో పోసి, సీసా పక్కన సున్నంతో నాలుగు గీతలు గీసేది. వారానికొక గీత. గీత కిందికి నూనె ముందే దిగిపోతే, ఆ వారం మిగిలిన రోజులు మేం పెందలాడే పడుకోవాలి. "వత్తి తగ్గించరా నాన్నా" అని ఆమె అన్నప్పుడల్లా నేను లాంతరు చక్రాన్ని కొంచెం వెనక్కి తిప్పేవాణ్ణి. అక్షరాలు మసకగా అయ్యేవి. ఇంకొంచెం ముందుకు వంగి చదివేవాళ్ళం.

ఆ నవంబరులోనే పెట్రోలు ధరల మీద నిరసనగా వాజ్‌పేయి గారు ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్ళారు. నాన్న పేపరు చూసి ఆ వార్త బయటికి చదివితే, అరుగు మీద కూర్చున్న మా తాతయ్య "ఢిల్లీలో కూడా బళ్ళున్నాయా?" అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. మా ఊళ్ళో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు అన్నీ బళ్ళ మీదే కదా. ఆ సాయంత్రమే రెండో ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు బస్సుల సంగతి చెప్పాడు. పెట్రోలు దొరక్క బస్సు వెనకాల ఒక పెద్ద పీపా బిగించి, అందులో బొగ్గులు వేసి, క్లీనరు చక్రం తిప్పితిప్పి నిప్పు రాజేస్తే, ఆ గ్యాసుతో బస్సు కదిలేదట. వంతెన ఎక్కాల్సి వస్తే జనం దిగి తోసేవాళ్ళట. తాతయ్య దాన్ని కష్టంగా చెప్పలేదు. నూనె లేకపోతే మనుషులు ఏదో ఒకటి చేసుకుంటారులే అన్న ధైర్యంతో చెప్పాడు. ఆ ధైర్యం ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ అవసరమైంది.

నాన్నకు ఒక ఆయిల్ ఇంజన్ ఉండేది. ఐదు గుర్రాల శక్తిది. శివారు భూముల రైతులకు అద్దెకు తిప్పేవాడు. గోదావరి డెల్టా అంటే నీళ్ళకు కొదవేముంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. కాలువ చివర ఉన్నవాళ్ళకు దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్ళు అందడం ఎంత కష్టమో ఆ చివర ఉన్నవాళ్ళకే తెలుసు. పై చేలు తడిశాక మిగిలిన నీళ్ళు బోదెలో, అంటే చిన్న పంటకాలువలో, అడుగున పారుతుంటాయి. వాటిని ఇంజన్‌తో తోడి చేలోకి పెట్టాలి. రాత్రంతా ఇంజన్ తిరుగుతుంటే నాన్న గట్టు మీద గోనెసంచి పరుచుకుని పడుకునేవాడు. శబ్దంలో తేడా వస్తే నిద్రలోనే లేచేవాడు.

1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చాక డీజిల్‌కు మళ్ళీ కరువొచ్చింది, ధరలు కూడా పెరుగుతూ పోయాయి. నాన్న గంటకు తీసుకునే అద్దెలో డీజిల్ కూడా కలిసే ఉండేది. రేటు పెంచితే రైతు నీళ్ళు పెట్టుకోలేడు. పెంచకపోతే ఇంజన్ తిరిగేకొద్దీ మాకే నష్టం. 1981 దాళ్వాలో ఒకాయన మా ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "బాబాయ్, చేను పొట్ట మీదుంది. రెండు తడులు పెడితే గట్టెక్కుతానండి. కోతలయ్యాక ధాన్యం కొలుస్తానండి" అన్నాడు. నాన్న సరేనన్నాడు. లోపలి నుంచి అమ్మ చూస్తూనే ఉంది. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయి పదిహేనేళ్ళు అయింది కాబట్టి చెప్తున్నాను. ఆ వారం ఒక రాత్రి మా దొడ్డిదారిన ఒక డ్రమ్ము దిగింది. అది కిరసనాయిలు. ప్రభుత్వం పేదవాళ్ళ దీపాల కోసమని ధర తగ్గించి ఇచ్చే నూనె. డీజిల్ కన్నా చవక కాబట్టి లారీల్లోకి, ఇంజన్లలోకి పోతోందని అందరికీ తెలుసు. నాన్న దాన్ని డీజిల్‌లో కలిపి ఇంజన్ తిప్పాడు. పొగ వేరే రంగులో వచ్చింది. ఆ రైతు చేను పండింది.

ఆ నెల నేను డబ్బా పట్టుకుని డిపోకి వెళ్తే స్టాకు రాలేదన్నారు. వరసలో ఉన్నవాళ్ళందరం ఖాళీ డబ్బాలతో వెనక్కి వచ్చాం. నా వెనక నిలబడ్డ ముసలమ్మ ఒక్కతే ఉండేది, ఆమెకు ఒక్క బుడ్డి దీపం. నేను ఇంటికి వచ్చి "స్టాకు లేదంటమ్మా" అంటే అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తల దించుకుని అన్నం తిన్నాడు. ఆ తర్వాత మా దొడ్లో మళ్ళీ డ్రమ్ము దిగలేదు. మరో రెండేళ్ళకు ఇంజన్ అమ్మేశాడు.

నాన్న చేసింది తప్పే. కానీ ఆ తప్పు ఎలా పుడుతుందో ఆ రాత్రి చూశాను కాబట్టి, సబ్సిడీ పక్కదారి పడుతోందని ఎవరైనా అన్నప్పుడు నాకు వెంటనే దొంగలు కనపడరు. అరుగు కింద నిలబడ్డ ఆ రైతూ, వరసలోని ఆ ముసలమ్మా ఇద్దరూ కనపడతారు. తర్వాతి కాలంలో రేషన్ కిరసనాయిలుకు నీలి రంగు కలపడం మొదలుపెట్టారు, కల్తీ చేస్తే తెలిసిపోవాలని. ఆ నీలి నూనెను మొదటిసారి సీసాలో పోసినప్పుడు అమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అప్పటికి నేను మాస్టారిని. ఇంటి నుంచి ఐ.పోలవరం మండలంలోని బడికి పద్నాలుగు కిలోమీటర్లు మోపెడ్ మీద వెళ్ళేవాణ్ణి. ఆ శరదృతువులో వి.పి.సింగ్ ప్రభుత్వం పెట్రోలు ఉత్పత్తుల మీద గల్ఫ్ సర్‌చార్జి వేసింది, 25 శాతం. నా బాధ చిన్నది. నెలకు ఇంత పెట్రోలు అని లెక్క వేసుకుని, మిగిలిన రోజులు సైకిలు తీశాను. మా డెల్టాలో ఏటవాలు అంటే కాలువ వంతెనల దిగుడే. అక్కడికి రాగానే ఇంజన్ ఆపేసి, బండి ఎంతదూరం జారితే అంతదూరం పోనిచ్చేవాణ్ణి.

అసలు బాధ మా పక్కింటావిడది. మా వైపు ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళ పనులకు వెళ్ళడం అప్పటికే మొదలైంది. ఆవిడ వెళ్ళి ఏడాది కాలేదు. ఏజెంటుకు ఇచ్చిన అప్పు కూడా తీరలేదు. యుద్ధం వచ్చాక రెండు నెలలు కబురే లేదు. ఎడారిలో బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చింది. అలా మన ప్రభుత్వం లక్ష మందికి పైగా మనుషులను వెనక్కి తెచ్చింది. ప్రభుత్వాలను నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను గానీ, ఆ పని తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆవిడ ఒక చేతిసంచితో ఇంటి ముందు రిక్షా దిగింది. మా అమ్మ వెళ్ళి పట్టుకుని ఏడ్చింది. తర్వాత లోపలికి వచ్చి మా సీసాలోంచి అర లీటరు కిరసనాయిలు ఒంపి ఆమెకు పంపింది.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా ఊరి నుంచి చూస్తే నైరుతి దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. అక్కడివాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. అమ్మ డాబా మెట్ల మీద కూర్చుని ఆ వెలుగు చూస్తూ అంది: "ఇంత నిప్పు మన కాళ్ళ కిందుందా నాన్నా?" అప్పటికి మా ఇంట్లో వంట కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకల మీదే. వర్షాకాలంలో మట్టలు తడిస్తే గొట్టం పెట్టి ఊది ఊది కళ్ళు ఎర్రబడేవి. కోనసీమ కింద గ్యాస్ ఉందని దేశమంతా చెప్పుకునేది. కోనసీమ పొయ్యిలో మాత్రం అది లేదు.

అది 1999 తర్వాత వచ్చింది, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం పెట్టిన దీపం పథకంతో. అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంది కాబట్టి కనెక్షన్ వచ్చింది. నేను ఉద్యోగంలో ఉన్నా తమ్ముడి సంసారం, అమ్మానాన్నలు వేరే తెల్ల కార్డులో ఉన్నారు. మొదటి రోజు స్టవ్వుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పాలు పొంగించింది. పొగ లేని వంటింట్లో ఆమె నిలబడి ఉండటం చూసి నాకు గొంతు పట్టేసింది. కానీ గ్యాస్ బండ అయిపోయాక మళ్ళీ నింపించుకోవడానికి డబ్బు కావాలి కదా. మా వీధిలో చాలా ఇళ్ళలో గ్యాస్ కాఫీకి, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వెలిగేది. అన్నం, కూర మట్టల మీదే. అమ్మ కూడా అంతే. మేం ఎంత చెప్పినా వినేది కాదు.

అప్పుడే క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టింది. బండ బిగించిన రోజున ఆ తేదీ గడిలో పెన్సిలుతో "గ్యాసు" అని రాసేది. అయిపోయిన రోజున మళ్ళీ వెనక్కి లెక్కపెట్టేది. సీసా మీద సున్నం గీతలే ఇప్పుడు క్యాలెండరు మీదికి వచ్చాయి.

2008లో ముడి చమురు 147 డాలర్లు తాకింది. ఆ జూన్‌లో కేంద్రం బండ మీద 50 రూపాయలు పెంచితే, రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం ఆ యాభై తానే భరిస్తానంది. అమ్మకు డాలర్ల సంగతి తెలియదు. బండ తెచ్చిన కుర్రాడు పాత ధరే తీసుకున్నాడని మాత్రం నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

2012 సెప్టెంబరులో ఏడాదికి ఆరు బండలే సబ్సిడీ మీద అన్నారు. గొడవయ్యాక జనవరిలో తొమ్మిది చేశారు, ఆ తర్వాత పన్నెండు. ఈలోగా మా తూర్పు గోదావరి జిల్లాలో డబ్బు ముందు పూర్తిగా కట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకులో పడుతుంది అనే పద్ధతి తెచ్చారు. నాలుగు వందల చిల్లరకు వచ్చే బండకు వెయ్యి దాటిన డబ్బు చేతిలో ఉండాలి. దొంగ కనెక్షన్లు పోవాలనే ఉద్దేశం మంచిదే. మా దొడ్లో దిగిన డ్రమ్ము గుర్తున్నవాణ్ణి కాబట్టి నేను దాన్ని కాదనను. కానీ మా అమ్మ ఆధార్ వేలిముద్ర పడేది కాదు. నలభై ఏళ్ళు పిడకలు చేసి, అంట్లు తోమి ఆ వేళ్ళ గీతలు అరిగిపోయాయి. బ్యాంకులో మూడుసార్లు తిప్పారు. మూడోసారి ఆమె వేలిని చీర కొంగుతో తుడుచుకుంటూ "నా వేలు నాది కాదంటున్నారురా" అంది. ఆ టెన్షన్‌లో రెండు నెలలు మళ్ళీ మట్టల పొయ్యి వెలిగించింది. 2020కి వచ్చేసరికి ఆ బ్యాంకులో పడే సబ్సిడీ కూడా దాదాపు సున్నా అయింది.

ఇదే విషయంలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. మా బడికి వచ్చే పిల్లల్లో బోట్ల మీద వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లలు చాలామంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం మరబోట్ల డీజిల్ సబ్సిడీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలు చేసింది. అది కొట్టించుకునేటప్పుడు బంకులోనే తగ్గుతుంది. ముందు కట్టు, తర్వాత చూద్దాం అనేది లేదు. రోజు కూలి మీద బతికేవాడికి ఆ "తర్వాత" అనే మాట ఎంత బరువో ఆ నిబంధనలు రాసే అధికారులకు ఒక్కసారి చూపించాలనిపిస్తుంది.

పెట్రోలు ధరను 2010లోనే ప్రభుత్వం మార్కెట్టుకు వదిలేసింది, డీజిల్‌ను 2014లో. 2017లో రోజూ మారడం మొదలైంది. 2020లో కరోనాకు ముడి చమురు నేలకు పడిపోయినప్పుడు బంకులో ధర తగ్గాలి కదా. ఆ మార్చి, మే నెలల్లో కేంద్రం ఎక్సైజు సుంకం పెట్రోలు మీద 13, డీజిల్ మీద 16 రూపాయలు పెంచింది. "పెరిగినప్పుడు మన మీద వేశారు, తగ్గినప్పుడు మనకెందుకివ్వలేదు?" అని తమ్ముడు అడిగాడు. వాడు అప్పుడు షేర్ ఆటో తిప్పుతున్నాడు. ప్రభుత్వానికి ఆ కరోనా రోజుల్లో డబ్బు అవసరం ఎంతో ఉంది, నాకు తెలుసు. అయినా వాడికి చెప్పగలిగిన సమాధానం నా దగ్గర లేదు.

2021లో లీటరు వంద దాటింది. నేను అప్పటికి కాకినాడలో ఉంటున్నాను. ఊరికి వెళ్ళాలంటే దారి యానాం మీదుగానే. పూర్వం యానాం నుంచి ఎదుర్లంకకు పంటు మీద గోదావరి దాటేవాళ్ళం, ఇప్పుడు వంతెన. యానాం పుదుచ్చేరిది కాబట్టి పన్ను తక్కువ. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అక్కడికీ ఇక్కడికీ లీటరుకు పది రూపాయల పైనే తేడా ఉండేది. ఆదివారం పొద్దున్న యానాం బంకుల ముందు కాకినాడ, అమలాపురం బళ్ళ వరసలు. తమ్ముడు ఆటోతో అటు నుంచి, నేను స్కూటర్‌తో ఇటు నుంచి వచ్చి చాలాసార్లు ఆ వరసలోనే కలుసుకున్నాం. వరసలో నిలబడితే నాకు కంట్రోలు డిపో గుర్తొచ్చేది. డబ్బాల మీద రాళ్ళు పెట్టే వీలు మాత్రం లేదు.

2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ డీజిల్ సెస్సు వేసింది. పల్లె వెలుగులో 2 రూపాయలు. రెండు రూపాయలే కదా అనుకుంటాం. మా ఊరి నుంచి అమలాపురం బట్టల కొట్లలో పనికి వెళ్ళే ఆడపిల్లలకు అది రోజుకు నాలుగు, నెలకు వంద. ఆ వందతో వాళ్ళు ఏం మానుకున్నారో ఎవరూ అడగలేదు. ఇప్పుడు రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. 2024 నవంబరు నుంచి దీపం పేరుతోనే ఏడాదికి మూడు బండలు కూడా ఉచితంగా ఇస్తున్నారు. మా అమ్మకూ వస్తున్నాయి. ఉచితాల మీద నా స్నేహితులు వాదిస్తుంటే నేను మెల్లగా లేచి బయటికి వచ్చేస్తాను. పొయ్యి వెలుగులో కూర వండిన మనిషి కొడుకుని, నాకు ఆ వాదన చేతకాదు.

పోయిన నెల ఊరికి వెళ్ళాను. వంటింట్లో అమ్మ పప్పు పెట్టి, కుక్కరు మొదటి కూత రాగానే మంట సిమ్‌లోకి తిప్పింది. "ఇప్పుడు మూడు బండలు ఊరికే వస్తున్నాయి కదమ్మా, ఎందుకింత పొదుపు" అన్నాను. మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. క్యాలెండరులో రెండు నెలల పేజీలు తిప్పి, పెన్సిలు గుర్తు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి ఒక్కో గడినీ లెక్కపెట్టింది. కళ్ళు సరిగా ఆనక మధ్యలో ఒకసారి తప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"అరవై మూడు రోజులొచ్చింది నాన్నా. ఇంకా ఉంది."